హార్మోనియం తిత్తికి స్క్రూతో బిగించుకునే స్ప్రింగులు వేయించుకోవచ్చా?

గుత్తి దగ్గర ఒక పల్లె నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ రామాలయంలో భజనకు వాయించే చేతి హార్మోనియం బాగా పాతది. ఇదివరకు రెండు ఊపులు ఊపితే పల్లవి మొత్తం వచ్చేదట, ఇప్పుడు సగం లైను దాటకముందే గొంతు పడిపోతోందట. వాయించే పెద్దాయనకు చెయ్యి నొప్పి. టౌన్లో చూపిస్తే "స్ప్రింగులు వీకైపోయినాయి, గట్టివి వేద్దాం" అన్నారు. ఎలాగూ మారుస్తున్నాం కదా, అడుగున స్క్రూ పెట్టి కావాలన్నప్పుడు టైటు, వద్దన్నప్పుడు లూజు చేసుకునే స్ప్రింగులు వేయించుకోవచ్చా, విదేశీ వాద్యాల్లో అలాంటివి ఉంటాయట కదా అని ఆయన అనుమానం.

వేయించుకోవచ్చు, నేనూ వేశాను. కానీ మీరు చెప్పిన జబ్బుకు అది మందు కాదు. గాలి నిలవడం లేదంటే ముందు అనుమానించాల్సింది లీకుని, స్ప్రింగుని కాదు. లీకున్న తిత్తికి గట్టి స్ప్రింగు వేస్తే గాలి ఇంకా తొందరగా అయిపోతుంది, ఎందుకంటే లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ అదే కంతలోంచి గాలి ఇంకా జోరుగా పోతుంది. ఒత్తిడి రెట్టింపైతే లీకు నలభై శాతం పైగా పెరుగుతుంది. పైగా ఆ ఒత్తిడికి ఎదురుగా ఊపాల్సింది మీ పెద్దాయనే. ఇప్పుడున్న చెయ్యి నొప్పి భుజం దాకా ఎక్కుతుంది.

నేను ప్రొద్దుటూరులో ఈ పెట్టెలు విప్పి బిగించబట్టి ముప్పై ఏళ్ళు దాటింది. భజన గుళ్ళవీ, చర్చిలవీ, నాటకాల వాళ్ళవీ, పాట నేర్చుకునే పిల్లలవీ అన్నీ వస్తుంటాయి. గాలి నిలవట్లేదని తెచ్చిన పెట్టెల్లో నిజంగా స్ప్రింగే చచ్చిపోయినవి బహు తక్కువ. స్ప్రింగు కంటికి కనిపించే వస్తువు, చేత్తో నొక్కి చూడగలిగే వస్తువు, అందుకే తప్పంతా దాని మీద పడుతుంది. లీకు కనిపించదు కదా.

ముందు లోపల ఏముందో చెప్తాను, లేకపోతే తర్వాత చెప్పేది తలకెక్కదు. మీరు చేత్తో ఊపేది బయటి తిత్తి. దాని పని గాలి తోడడం మాత్రమే. ఆ గాలి తోలు మూతల గుండా పెట్టె లోపలి తిత్తిలోకి పోతుంది. మన దగ్గర దొరికే చాలా పెట్టెల్లో ఈ లోపలి తిత్తి, రీడ్లు (గాలికి అదిరి స్వరమిచ్చే సన్న లోహపు నాలుకలు) బిగించిన పలకకు కింది వైపున తలకిందులుగా వేలాడుతుంటుంది. గాలి నిండితే దాని పలక కిందికి దిగుతుంది, స్ప్రింగులు ఆ పలకను పైకి నెడుతుంటాయి. మీరు చెయ్యి ఆపినా స్వరం ఆగకుండా వస్తోందంటే ఆ నెట్టుడు వల్లే. బావి నీళ్ళు బిందెతో తోడి ట్యాంకులో పోసి కుళాయి తిప్పుకున్నట్టు: బయటి తిత్తి బిందె, లోపలి తిత్తి ట్యాంకు. ట్యాంకు ఎంత ఎత్తున ఉందో, అంటే కుళాయిలో నీళ్ళు ఎంత జోరుగా రావాలో తేల్చేది స్ప్రింగు.

ఇవిగాక బయటి తిత్తికి కూడా స్ప్రింగులు ఉంటాయి, తోసిన పలకను మళ్ళీ వెనక్కి తెరవడానికి. ప్రతి మెట్టుకూ ఒక సన్న తీగ స్ప్రింగు ఉంటుంది, వేలు తీయగానే మెట్టు కింది మూత కంత మీద కూర్చోవడానికి. స్ప్రింగు అనగానే అన్నీ ఒకటే అనుకోవద్దు, మూడింటి పనులూ వేరు. మీరడిగేది లోపలి తిత్తి స్ప్రింగు గురించే కాబట్టి ముఖ్యంగా దాని మీదే చెప్తాను.

స్క్రూడ్రైవర్ పట్టకముందు చేయాల్సిన పరీక్ష. స్టాపర్లన్నీ, అంటే రీడ్ల వైపు గాలి వదలడానికి ముందు వైపు లాగే గుండీలు, మూసేయండి. మెట్ల మీద వేళ్ళు పెట్టొద్దు. నాలుగైదు ఊపులు ఊపి తిత్తి నిండగానే చెయ్యి ఆపి, బయటి తిత్తి పలక మీద అరచెయ్యి తేలిగ్గా ఆనించి ఉంచండి. పలక మీ చేతిని మెల్లగా వెనక్కి నెడుతోందనుకోండి, నెట్టేది దాని సొంత స్ప్రింగా, గాలా అన్నది ముందు తేల్చుకోవాలి. కొక్కెం పెట్టి కాసేపాగి, కొక్కెం తీసి చూడండి. లోపలి గాలి పోయాక కూడా పలక అంతే నెడితే అది సొంత స్ప్రింగే. అలా కాకుండా గాలి నిండి ఉన్నప్పుడే గట్టిగా నెడుతోందంటే, రెండు తిత్తుల మధ్య ఉన్న తోలు మూత సరిగా కూర్చోవట్లేదు, లోపలికి పంపిన గాలి మళ్ళీ వెనక్కే వచ్చేస్తోంది. అనంతపురం వైపు ఎండలకు ఇది మామూలే. తోలు ఎండి అప్పడంలా అంచులు పైకి లేస్తుంది. మూత మారిస్తే అయిపోతుంది, స్ప్రింగుతో పనే లేదు.

పలక నెట్టట్లేదు కానీ గాలి పోతోందంటే, మళ్ళీ నింపి, మనసులో ఇరవై లెక్కపెట్టి, ఒక స్టాపరు తీసి ఒక మెట్టు నొక్కండి. స్వరం నిండుగా వస్తే లోపలి తిత్తి మంచిదే, మీ లీకు స్టాపర్ల తర్వాత, మెట్ల మూతల దగ్గరుంది. కీచుమని ఆగిపోతే తిత్తి మడతల్లోనో, మూలల్లోనో కంత ఉన్నట్టు. అడుగు పలక తీసి, ఇంకొకరిని నింపుతూ ఉండమని, ఊదుబత్తి వెలిగించి మడతల వెంట మెల్లగా జరపండి. పొగ ఎక్కడ చెదిరితే అక్కడే కంత. నిప్పు తోలుకు, గుడ్డకు తగలకుండా చూసుకోండి. ఇది చేసేటప్పుడు ఫ్యాను ఆపాలి. చెప్పక్కర్లేదనుకున్నాను కానీ ఫ్యాను కింద కూర్చుని "అన్నా, పెట్టె మొత్తం లీకే" అని ఫోన్ చేసినవాళ్ళున్నారు.

అడుగు పలక తీయడం గురించి ఒక హెచ్చరిక. చాలా పెట్టెల్లో స్ప్రింగుల కింది కాలు ఆనుకునేది ఆ అడుగు పలకకే. ఒక వైపు స్క్రూలన్నీ తీసేసి రెండో వైపుకు వచ్చారంటే, చివరి రెండు స్క్రూల దగ్గర పలక టపీమని లేచి స్క్రూ పట్టున్న చెక్కను పెళ్ళగిస్తుంది. పెట్టెను బోర్లించి, మోకాలితోనో ఇంకో మనిషి చేత్తోనో పలకను అదిమి, ఎదురెదురు స్క్రూలు కొంచెం కొంచెంగా వదులు చేసుకుంటూ రండి. స్ప్రింగు ఏ దిక్కుకు ఉంది, కాలు ఎక్కడ ఆనింది అన్నది పెన్సిలుతో గీసుకున్నాకే తీయండి. ఫోన్లో ఫోటో తీసుకున్నా సరే.

జమ్మలమడుగు వైపు ఒక భజన గుంపు పెట్టె ముచ్చట చెప్తాను. గాలి నిలవట్లేదని వాళ్ళలోనే ఒకాయన, చేతిలో పనున్న మనిషే, పాత సైకిలు సీటు కింది స్ప్రింగులు రెండు తెచ్చి లోపలి తిత్తికి పెట్టాడు. మొదటి రోజు బ్రహ్మాండం. మైకు లేకుండా వీధి చివరి దాకా వినిపించిందట. వారం తిరక్కుండా మెట్లు నొక్కకుండానే రెండు స్వరాలు ఈలలు వేయడం మొదలైంది. ఎందుకో చెప్తాను వినండి. మెట్టు కింది మూత కంత మీద పైనుంచి కూర్చుంటుంది, గాలి కిందినుంచి దాన్ని నెడుతుంటుంది. కంత 4 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు అనుకుంటే, 7 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళను నిలబెట్టే ఒత్తిడికి దాని మీద నెట్టుడు దాదాపు 28 గ్రాములు. ఒత్తిడి రెట్టింపైతే 56 గ్రాములు. పాపం ఆ సన్న తీగ స్ప్రింగు మొదటి లెక్కకు చేసింది, రెండో లెక్కకు మూత లేచిపోతుంది. ఈల వేస్తోందని ఆయన మెట్ల స్ప్రింగులన్నీ వంచి గట్టి చేశాడు. ఇప్పుడు మెట్లు నొక్కాలంటే వేళ్ళకు బలం చాలదు, వాయించే మనిషి గమకం సంగతి మర్చిపోయాడు. ఆ తర్వాత తిత్తి మూల మడత చిరిగింది. చివరికి నా దగ్గరికి తెచ్చారు. విప్పి చూస్తే ఆ చిరుగు పక్కనే ఇంకో పాత కంత, అంచులు కొరికినట్టు. ఎలుక. అసలు కథ అక్కడ మొదలైంది. గుళ్ళో ప్రసాదం పళ్ళెం పక్కనే పెట్టె పెట్టేవాళ్ళు. అర అంగుళం తోలు ముక్కతో పోయే పనికి అన్ని మెట్లూ, రెండు స్ప్రింగులూ, ఒక తిత్తీ మార్చాల్సి వచ్చింది.

సరే, లీకులన్నీ మూశారు, మూతలు బాగున్నాయి, అయినా స్వరం నీరసంగా ఉంది. అప్పుడు స్ప్రింగు సంగతి చూడొచ్చు. ఇక్కడే అసలు విషయం.

స్ప్రింగు గట్టిదా మెత్తదా అన్నది ఒక సంగతి, దాన్ని ఎంత నొక్కి కూర్చోబెట్టారన్నది ఇంకో సంగతి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే సగం పెట్టెలు పాడవుతాయి. లెక్క వేసి చూద్దాం. లోపలి పలక 50 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు అనుకోండి, అంటే వెయ్యి చదరపు సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు నీటి మట్టం ఒత్తిడి అంటే చదరపు సెంటీమీటరుకు ఒక గ్రాము. 7 సెంటీమీటర్ల ఒత్తిడి కావాలంటే పలక మధ్యలో మొత్తం 7 కిలోల నెట్టుడు కావాలి. పలక నింపేటప్పుడు 4 సెంటీమీటర్లు దిగుతుందనుకుందాం. పొట్టి, గట్టి స్ప్రింగులు వేశారు, సెంటీమీటరుకు కిలోన్నర బలం మారేవి. తిత్తి నిండుగా ఉన్నప్పుడు 7 కిలోలు, ఖాళీ అయ్యేసరికి ఒక్క కిలో. అంటే మొదట అరుపు, చివరికి మూలుగు. అదే పొడుగాటి మెత్త స్ప్రింగులు, సెంటీమీటరుకు అర కిలో మారేవి వేసి, ముందే బాగా నొక్కి కూర్చోబెట్టారనుకోండి, నిండుగా 7, ఖాళీలో 5. చెవికి తేడా అంతగా తెలీదు.

కానీ అర కిలో స్ప్రింగు 7 కిలోలు నెట్టాలంటే దాన్ని 14 సెంటీమీటర్లు నొక్కాలి. పెట్టెలో అంత చోటెక్కడిది? అందుకే మంచి పెట్టెల్లో చుట్టల స్ప్రింగు కాకుండా సేఫ్టీ పిన్నులాంటిది వేస్తారు, మొదట్లో రెండు మూడు చుట్లు, రెండు పొడుగాటి కాళ్ళు. బయటికి తీస్తే కాళ్ళు బార్లా చాపుకుంటుంది, లోపల పెడితే దాదాపు మూసుకుపోతుంది. పాతకాలం వాళ్ళు ఆ ఆకారం ఊరికే పెట్టలేదు. దాన్ని తీసేసి ఏదో ఒక చుట్టల స్ప్రింగు దూర్చడం ఎద్దును అమ్మి కొరడా కొన్నట్టు ఉంటుంది.

స్వరం పడిపోవడమే కాదు, శ్రుతి కూడా కొంచెం కదులుతుంది. హార్మోనియం రీడు ఒత్తిడి పెరిగితే రవ్వంత దిగుతుంది, ముఖ్యంగా మంద్రంలో. తంబురా పెట్టుకుని పాడేవాళ్ళకు ఇది వెంటనే తగులుతుంది. స్ప్రింగులు బాగా బిగించాక "శ్రుతి చేసిచ్చారు కదా, మళ్ళీ ఎందుకు తేడా" అని గొడవ పడేది ఇందుకే. ఏ ఒత్తిడి దగ్గర శ్రుతి చేశారో ఆ ఒత్తిడి దగ్గరే వాయించాలి. కాబట్టి స్ప్రింగు పని ముందు, శ్రుతి పని తర్వాత. తారుమారు చేస్తే రెండోసారి డబ్బులు.

ఇప్పుడు మీరడిగిన స్క్రూ. నేను చేసే పద్ధతి ఇది. అడుగు పలక లోపలి వైపు, స్ప్రింగు కింది కాలు ఆనే చోట, అరచేతి పొడవు చెక్క పట్టీ ఒకటి చిన్న కీలుతో బిగిస్తాను. స్ప్రింగు కాలు ఆ పట్టీకి గీసిన గాడిలో కూర్చుంటుంది. పట్టీ రెండో కొనను పైకెత్తడానికి అడుగు పలకలో పళ్ళ నట్టు కొట్టి, కిందినుంచి 6 ఎం.ఎం. బోల్టు. బోల్టు కొన చెక్కను తొలిచేయకుండా పట్టీ కింద చిన్న రేకు ముక్క. బోల్టు తల అడుగు పలకలోకి దిగిపోయేలా గుంట తీయాలి, లేకపోతే పెట్టె ఎగుడుదిగుడుగా కూర్చుని ఊపినప్పుడల్లా టకటకమంటుంది. అదురుకు బోల్టు తిరిగిపోకుండా లాకుకు ఇంకో నట్టు. కంత పడింది కదా, గాలి పోదా అని అడుగుతారు. పోదు. ఆ కింది అరలో ఉండేది బయటి గాలే, తిత్తిలో గాలి కాదు. నిజానికి ఆ అరను గాలి చొరకుండా మూయనే కూడదు. ఫెవికాల్ పూసి అడుగు పలకను అతికించేసిన పెట్టె ఒకటి వచ్చింది, పలక కిందికి దిగాలంటే కింది గాలి అడ్డం, ఊపేవాడికి రాయిని తోసినట్టుంది.

6 ఎం.ఎం. బోల్టు ఒక చుట్టు తిప్పితే ఒక మిల్లీమీటరు ఎక్కుతుంది. లెక్క తేలిగ్గా ఉండాలని స్ప్రింగు కాలూ అంతే ఎత్తుకు లేచిందనుకుందాం. మెత్త స్ప్రింగులు రెండు, ఒక్కోటి సెంటీమీటరుకు పావు కిలో అనుకుంటే, రెండింటినీ పది చుట్లు తిప్పితే మొత్తం అర కిలో పెరుగుతుంది, అంటే నీటి మట్టంలో 5 మిల్లీమీటర్లు. చూశారా, ఎంత చిన్న మార్పో. స్క్రూ పెట్టించుకుంటే ఆకాశం అందుతుందని అనుకోవద్దు. మంచి స్ప్రింగుకు స్క్రూ ఉప్పు సరిచూసుకున్నంత పని చేస్తుంది. అదే గట్టి స్ప్రింగుకు పెట్టారంటే నాలుగు చుట్లకే అంతకు మించిపోతుంది, సన్నగా సరిచూసుకోవడం కష్టం.

పెద్ద మార్పు కావాలంటే స్ప్రింగు చోటు జరపాలి. లోపలి పలక ఒక వైపు కీలులాగా అతుక్కుని, రెండో వైపు ఆడే రకమైతే, తలుపు తోసినప్పటి లెక్కే. కీలు దగ్గర తోస్తే తలుపు కదలదు, గడియ దగ్గర తోస్తే వేలితో కదులుతుంది. పలక మధ్యలో 7 కిలోలు కావాల్సిన చోట, ఆడే అంచున మూడున్నర కిలోలు చాలు. అందుకని స్ప్రింగు పై కాలు ఆనే చోట నేను అర అంగుళం దూరంలో మూడు గాళ్ళు గీస్తాను. గాడి మారిస్తే పెద్ద మార్పు, స్క్రూతో చిన్న మార్పు. అంచుకు జరిపేకొద్దీ అక్కడ పలక ఎక్కువ దూరం ఆడుతుంది, స్ప్రింగు కూడా ఎక్కువ నలుగుతుంది, ఆ సంగతి మరవొద్దు.

రెండు వైపులా ఒకే లెక్క. కుడి బోల్టు ఆరు చుట్లు తిప్పితే ఎడమదీ ఆరే. ఒకటి బిగిసి ఒకటి వదులైతే పలక వంకరగా లేస్తుంది, ఒక మూల మడత ఊరికే నలిగి అక్కడే చిరుగుతుంది. తిప్పిన చుట్లు పెట్టె లోపల కాగితం మీద రాసి అతికిస్తాను, తారీకుతో సహా. తర్వాత విప్పేవాడు నేనే కావాలని లేదుగా.

కొలవడం ఎలా అంటే, మెడికల్ షాపులో దొరికే సన్న ప్లాస్టిక్ గొట్టం మీటరు పొడవుది తెచ్చి, చెక్క ముక్క మీద యు ఆకారంలో కట్టి, సగానికి నీళ్ళు పోసి, కనబడటానికి కాస్త కుంకుమ కలపండి. పై పలక తీసి, ఒక మెట్టు నొక్కి మూత లేపి, గొట్టం కొసకు మెత్త రబ్బరు ముక్క తొడిగి ఆ కంత మీద గాలి పోకుండా అదమండి. తిత్తి నింపండి. రెండు కొమ్మల్లో నీళ్ళ మట్టాల మధ్య తేడా ఎంతో అదే మీ ఒత్తిడి. ఒక వైపు ఎంత లేచిందన్నది కాదు, రెండింటి మధ్య తేడా. నిండుగా ఒకసారి, సగంలో ఒకసారి, ఖాళీ అయ్యే ముందు ఒకసారి రాసుకోండి. మొదటిదానికీ చివరిదానికీ పెద్ద తేడా ఉంటే స్ప్రింగు రకం తప్పు. మూడూ తక్కువే కానీ దగ్గరదగ్గరగా ఉన్నాయంటే అప్పుడు మాత్రమే స్క్రూ పని. ఈ కొలత లేకుండా స్ప్రింగులు బిగించేవాళ్ళు నాడి పట్టకుండా మందిచ్చే డాక్టర్లు. నేనూ మొదటి పదేళ్ళు అలాగే చేశాను లెండి.

స్ప్రింగు తీగ గురించి రెండు మాటలు. కంచెకు కట్టే జీఐ తీగతో స్ప్రింగు చుట్టకండి, నొక్కిన చోటే ఉండిపోతుంది. పియానో వైరు అని అడిగి తెచ్చుకోవాలి. తీగ మందం కొంచెం మారినా బలం బాగా మారుతుంది. 2 మిల్లీమీటర్ల బదులు 2.2 వేసి అదే కొలతలో చుట్ల స్ప్రింగు చేస్తే దాదాపు 46 శాతం గట్టిపడుతుంది, ఎందుకంటే మందం నాలుగుసార్లు హెచ్చవేసిన లెక్క అది. "కొంచెం లావు తీగ వేశానంతే" అన్న మాట వింటే నాకు భయం. ఇంకొకటి, పొడవు ఎక్కువైందని చుట్లు కత్తిరిస్తారు. పది చుట్లదాన్ని ఎనిమిదికి కత్తిరిస్తే అది మెత్తబడదు, నాలుగో వంతు గట్టిపడుతుంది.

స్ప్రింగును నిప్పు మీద పెట్టొద్దు. ఇది నా నెత్తిన పడిన పాఠం. పని కొత్తలో, మైదుకూరు వైపు ఒక ఊళ్ళో జాతరకు పౌరాణిక నాటకం, రాత్రి తొమ్మిదికి మొదలు, సాయంత్రం నాలుగింటికి కాలి హార్మోనియం నా దగ్గరికి తెచ్చారు. మా కడప జిల్లా సురభి నాటకాలు పుట్టిన నేల, 1885లో సురభి గ్రామంలోనే వనారస వాళ్ళు మొదటి ఆట ఆడారు. ఇక్కడ నాటకం చూసేవాళ్ళకు హార్మోనియం చెవి కూడా ఉంటుంది, తప్పు జరిగితే దాక్కోలేం. తొక్కుడు పలక కింది స్ప్రింగు ఒకటి వంకరపోయింది. తొందరలో గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చి, ప్లేయరుతో వంచి, నీళ్ళలో ముంచకుండా చల్లారబెట్టి బిగించేశాను. చూడ్డానికి ఆకారం కొత్తదానిలా ఉంది. రెండో అంకం దాకా బాగానే నడిచింది. పద్యం అందుకున్నాయన మంచి గొంతున్నవాడు, రాగం తీసి దింపగానే జనం వన్స్ మోర్ అన్నారు. ఆయన మళ్ళీ అందుకున్నాడు, హార్మోనియం అందుకోలేదు. కాల్చిన స్ప్రింగు చప్పబడి పడుకుంది, కుడి తొక్కుడు పైకి లేవట్లేదు. హార్మోనిస్టు ఒంటి కాలితో ఆ పద్యం పూర్తి చేసి, తెర పడ్డాక నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. స్ప్రింగు ఉక్కుకు బలం వచ్చేదే దానికి చేసిన వేడి పదును వల్ల, లేదా తీగను చల్లగా లాగడం వల్ల. ఎర్రగా కాల్చి మెల్లగా చల్లారిస్తే ఆ బలం పోయి మామూలు మెత్తటి ఇనుప తీగ మిగులుతుంది. వంచాలంటే చల్లగానే, మెల్లగా, కొంచెం కొంచెంగా.

కాలి హార్మోనియం అన్నాను కాబట్టి చెప్తున్నా, దాంట్లో తొక్కుడు స్ప్రింగులకు స్క్రూ పెట్టుకోవడం నిజంగా పనికొస్తుంది. వాయించేవాళ్ళు మారుతుంటారు, ఒకరి కాలు బరువు ఇంకొకరిది కాదు. పలక కాలి వెంటనే లేవాలి కానీ కాలిని ఎగదన్నకూడదు. అక్కడ చోటు కూడా కావాల్సినంత ఉంటుంది. చేతి పెట్టె బయటి తిత్తి స్ప్రింగులకు మాత్రం స్క్రూ దండగ. పలక తనంతట తాను తెరుచుకుంటే చాలు, అంతకు మించిన ప్రతి గ్రామూ మీ పెద్దాయన చెయ్యి మోయాల్సిందే. ఆయన నొప్పికి ఇవి కూడా కారణం కావచ్చు, ఎవరైనా ఈ మధ్య మార్చారేమో కనుక్కోండి.

ఇక విదేశీ వాద్యాలు. మీరు విన్నది నిజమే. చర్చి పైపు ఆర్గన్లలో చాలావాటికి తిత్తి మీద స్ప్రింగుల బదులు ఇనుప బరువులో, ఇటుకలో పెడతారు. బరువుకు ఒక సుగుణం ఉంది, తిత్తి నిండినా తగ్గినా అది మారదు, కాబట్టి ఒత్తిడి దాదాపు స్థిరం. మన చేతి పెట్టెలో తిత్తి తలకిందులుగా ఉంటుంది, పైగా భుజాన వేసుకుని తిరగాలి, ఇటుకలెక్కడ పెడతాం? అందుకే స్ప్రింగు. ఇంకొకటి, కాగితం చుట్ట పెడితే తనంతట తాను వాయించే పాత పియానోలు ఉంటాయి. కాగితంలో కంతలు, లోపల గాలి పీల్చే తిత్తులు, ఒక్కో మెట్టుకు ఒక్కో బుల్లి తిత్తి. వాటిలో కాగితం లాగే గాలి మోటారుకు ఒత్తిడి ఎక్కువ తక్కువ కాకుండా చూసే చిన్న తిత్తి ఒకటి ఉంటుంది, దానికి మనం బిగించుకునే స్ప్రింగు. తొక్కేవాడు గట్టిగా తొక్కితే ఆ తిత్తి ముడుచుకుని గాలి దారి ఇరుకు చేస్తుంది, మెల్లగా తొక్కితే స్ప్రింగు దాన్ని తెరిచి దారి వెడల్పు చేస్తుంది. లయ ముల్లు 70 దగ్గర పెడితే నిమిషానికి 7 అడుగుల కాగితం నడవాలి, నడవకపోతే సరిచేసుకోవడానికే అక్కడ స్క్రూ. అక్కడి స్ప్రింగు కొలిచే పని చేస్తుంది, మన హార్మోనియం స్ప్రింగు తోసే పని చేస్తుంది. అక్కడ ఉంది కాబట్టి ఇక్కడా ఉండాలి అనే వాదన అందుకే నిలబడదు.

ఎవరికి పెట్టించుకోమంటానంటే, కచేరీకీ భజనకూ ఒకే పెట్టె వాడేవాళ్ళకు, రీడ్లు మార్చి బరువైనవి వేయించుకున్నవాళ్ళకు, నాటకాల వాళ్ళకు. మీ గుడి పెట్టెకు నా లెక్కలో అక్కర్లేదు. పైగా గుళ్ళో బోల్టు కనిపిస్తే పిల్లలు ఊరుకోరు, ఎవడో ఒకడు రూపాయి బిళ్ళతో తిప్పుతాడు.

కాబట్టి ఈ ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, నేను చెప్పిన అరచేతి పరీక్ష, ఇరవై లెక్క, ఊదుబత్తి, ఈ వరసలో చేసి ఏది ఎక్కడ ఆగిందో రాయండి. తోలు మూత అయితే మీ ఊళ్ళోనే చేసుకోవచ్చు, పలుచటి మేక తోలు, గరుకు వైపు కంత మీదికి వచ్చేలా. తిత్తి మూల అయితే పెట్టె తీసుకుని ప్రొద్దుటూరు రండి. టౌన్లో ఇప్పటికే స్ప్రింగులు మార్చేసి ఉంటే పాతవి అడిగి తీసుకుని, డబ్బాలో వేసి అవీ తెండి. చాలాసార్లు వాటినే మళ్ళీ బిగించి పంపుతుంటాను.